హెల్వెలిన్‌కి మొదటిసారి: గ్లెన్‌రిడింగ్ లోయ నుంచి ఏ దారిన ఎక్కాలి?

మీరు అడిగింది ఇది: న్యూకాజిల్ నుంచి నలుగురు, అక్టోబర్ మూడో శనివారం, ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో గ్లెన్‌రిడింగ్ ఊరి నుంచి హెల్వెలిన్ కొండ ఎక్కాలి. వీడియోల్లో చూసిన స్ట్రైడింగ్ ఎడ్జ్ అనే సన్నటి రాతి గట్టు మీదుగానే వెళ్ళాలని మీ స్నేహితులిద్దరికీ పట్టుదల. మీ శ్రీమతికి ఎత్తంటే భయం. నలుగురూ అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్ళినవాళ్ళే కాబట్టి 950 మీటర్ల కొండ పెద్ద లెక్క కాదనుకుంటున్నారు. ఏ దారి, ఎంత టైమ్, ఏం వేసుకోవాలి?

సమాధానం ముందే చెప్పేస్తాను. ఎక్కండి, ఎక్కదగ్గ కొండే. కానీ ఈసారి స్ట్రైడింగ్ ఎడ్జ్ వద్దు. కెపెల్ కోవ్ మీదుగా వెళ్ళే పాత గుర్రాల దారిన ఎక్కి, అదే దారిన దిగండి. కంబ్రియాలో స్థిరపడి చాలా ఏళ్ళైంది, ఈ కొండని అన్ని కాలాల్లోనూ ఎక్కాను, మనవాళ్ళని వెంటబెట్టుకుని కూడా వెళ్తుంటాను. నలుగురిలో ఒకరికి ఎత్తంటే భయం అని తెలిశాక ఏ దారి అన్న ప్రశ్న మిగతా ముగ్గురి చేతుల్లో ఉండదు. ఆ ఒక్కరికి ఏ దారి సరిపోతుందో అందరిదీ అదే దారి. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు ఆ 950 సంగతి. అరకులో బస్సు దిగేసరికే మనం దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంటాం. హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. అక్కడికి కార్లో వెళ్ళి కాఫీ తాగి వచ్చేస్తాం. అంకె చూసి ఇదెంతలే అనిపించడంలో తప్పు లేదు. తేడా అక్షాంశంలో ఉంది, గాలిలో ఉంది. హెల్వెలిన్ భూమధ్యరేఖకి 54 డిగ్రీలు దాటి ఉత్తరాన ఉంది, అట్లాంటిక్ మీంచి వచ్చే గాలికి దగ్గర్లో ఉంది. లోయలో గని కార్మికుల పాత ఇళ్ళు దాటి కొంచెం పైకి వెళ్తే తల దాచుకోవడానికి చెట్టన్నది దొరకదు. కార్ పార్కులో 10 డిగ్రీలుంటే పైన నాలుగో అయిదో ఉంటుంది. దానికి గంటకి 30 మైళ్ళ గాలి తోడైతే ఒంటికి తెలిసేది సున్నా కంటే తక్కువే. కింద టీ షర్టుతో ఫొటోలు దిగినవాళ్ళు రెండు గంటల తర్వాత చేతులు కొంకర్లు పోయి జిప్ వేసుకోలేక అవస్థ పడటం ఇక్కడ మామూలు.

అలిపిరి పోలిక కాళ్ళ వరకు పనికొస్తుంది. 3,550 మెట్లు ఎక్కిన మోకాళ్ళకి ఇక్కడి ఎక్కుడు కొత్త కాదు. గ్లెన్‌రిడింగ్ ఊరు సుమారు 150 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి మీరు ఎక్కాల్సింది 800 మీటర్ల పైచిలుకు. కానీ అలిపిరిలో నెత్తిమీద కప్పుంది, దారి పొడుగునా లైట్లున్నాయి, నీళ్ళున్నాయి, ముందూ వెనకా జనం ఉన్నారు. దర్శనం అయ్యాక బస్సెక్కి దిగిపోతాం. ఇక్కడ శిఖరం చేరితే సగం పనే అయినట్టు. మిగతా సగం అలసిన కాళ్ళతో, తడి రాళ్ళ మీద దిగడం. నేను చూసిన బెణుకులు, మోకాలి దెబ్బలు దాదాపు అన్నీ దిగేటప్పుడు తగిలినవే. ఒంట్లో ఉన్న శక్తి మొత్తం పైకి చేరడానికి ఖర్చు పెట్టేయకండి.

ఈ కొండ ఎలా ఉంటుందో అర్థమైతే దారుల గొడవ చాలావరకు తీరిపోతుంది. పడమటి వైపు, థర్ల్‌మియర్ జలాశయం మీదకి, గడ్డి పట్టిన వాలు. తూర్పు వైపు, అల్స్‌వాటర్ సరస్సు మీదకి, నిలువుగా తెగిన రాతి గోడలు. మంచుయుగంలో నైరుతి గాలి కొండ మీది మంచుని తూర్పుకి ఊడ్చి పోసేది. ఎండ పెద్దగా తగలని ఆ వైపు మంచు కరగక పేరుకుని, హిమానీనదాలై కొండని తొలిచేసింది. అలా తొలిచిన గుంటలో నిలిచిన నీళ్ళే రెడ్ టార్న్ అనే చిన్న సరస్సు, 718 మీటర్ల ఎత్తున. దానికి దక్షిణాన, రెండు గుంటల మధ్య తెగిపోకుండా మిగిలిన సన్నటి రాతి గట్టు స్ట్రైడింగ్ ఎడ్జ్. ఉత్తరాన ఉన్న గట్టు స్విరల్ ఎడ్జ్. ఆ గాలి ఇప్పటికీ అదే పని చేస్తోంది. చలికాలంలో శిఖరం తూర్పు అంచున మంచు చూరు కట్టి, కింద ఏ ఆధారం లేకుండా బయటికి పెరుగుతుంది. పైన నిలబడ్డవాళ్ళకి అది చూరో నేలో తెలియదు. అక్టోబర్‌లో మీకు ఆ బెడద సాధారణంగా ఉండదు. డిసెంబర్ తర్వాత మాత్రం ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), క్రాంపాన్లు (బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్ళు) వాడటం రానివాళ్ళు ఈ రెండు ఎడ్జ్‌ల జోలికి వెళ్ళకూడదు.

ఇక మీ స్నేహితుల స్ట్రైడింగ్ ఎడ్జ్. హోల్-ఇన్-ద-వాల్ అనే చోట రాతి గోడ దాటాక గట్టు మొదలవుతుంది. మొదట వెడల్పుగానే ఉంటుంది. హై స్పైయింగ్ హౌ అనే 863 మీటర్ల మిట్ట దగ్గర్నుంచి అసలు సన్నం. అక్కడి నుంచి ఎప్పుడూ పైఅంచు మీదే నడవనక్కర్లేదు; కుడి పక్కన, రెడ్ టార్న్ వైపు, అంచుకి కొంచెం కిందుగా చాలా దూరం ఒక కాలిబాట ఉంది. ఛాతీకి కెమెరా కట్టుకుని పైపైన నడిచే వీడియోల వాళ్ళు దాన్ని చూపించరు, చూపిస్తే వ్యూస్ రావు మరి. ఆ బాట పట్టుకుంటే భయం కొంత తగ్గుతుంది కానీ, గట్టు చివర రాళ్ళలో చేతులు పెట్టి ఎక్కక తప్పదు. దీన్ని స్క్రాంబ్లింగ్ అంటారు, ఈ గట్టుది మొదటి గ్రేడు, అంటే అన్నిటికన్నా తేలిక రకం. తాడు అక్కర్లేదు. అయితే తాడు అక్కర్లేదంటే పడితే దెబ్బ తగలదని కాదు.

గట్టు ఆఖర్న చిమ్నీ అని ఒక చోటుంది. పైఅంచు మీద వచ్చేవాళ్ళకి నేల ఒక్కసారిగా తెగి, సుమారు మూడు మీటర్ల చీలికలోంచి కిందికి దిగాల్సి వస్తుంది. ముఖం బండ వైపు తిప్పి, రెండు చేతులతో పట్టుకుని దిగాలి. చేతులకి పట్టు బాగానే దొరుకుతుంది, ఇబ్బందంతా కాళ్ళకే. ఎన్నో ఏళ్ళుగా లెక్కలేనన్ని బూట్లు మోపిన అంచులు అరిగి నున్నగా మెరుస్తుంటాయి. పొడిగా ఉన్నప్పుడు ఫర్వాలేదు. వాన పడ్డాక అదే అంచు మీద బూటు పెట్టి బరువు వేస్తే మడమ అర అంగుళం జారి ఆగుతుంది, గుండె మాత్రం ఆగదు. దిగే మనిషికి తన పాదం తనకి కనిపించదు. కింద ముందే దిగినవాళ్ళెవరో ఒకరు నిలబడి ‘ఎడమ కాలు ఇంకో జానెడు కిందికి, కొంచెం లోపలికి, ఆ, అక్కడే’ అని చెబుతూ ఉండాలి. పైన అప్పటికే ఆరేడుగురు క్యూ కట్టి ఉంటారు. శనివారం అయితే ఇంకా ఎక్కువ.

ఎత్తంటే భయం ఉన్న మనిషిని ఇక్కడ ఊహించుకోండి. భయం మొదట్లో రాదు. అందరూ వెళ్తున్నారు కదా అని మొహమాటానికి వచ్చేస్తారు. గట్టు మధ్యలో, రెండు పక్కలా ఒకేసారి లోతు కనిపించినప్పుడు కాళ్ళు కట్టేసినట్టు అయిపోతాయి. అక్కడి నుంచి ముందుకి ఎంత దూరమో వెనక్కీ అంతే. ‘ఏం కాదు, రా’ అనే మాట ఆ క్షణంలో పనిచెయ్యదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఒకరు ముందు ఒకరు వెనక ఉండి, ఒక్కో అడుగు ఎక్కడ వెయ్యాలో చెబుతూ దాటించాలి. ఆ పని చేసేవాళ్ళకి ఆ రాళ్ళు అంతకుముందే తెలిసి ఉండాలి. మీ నలుగురిలో అలాంటివాళ్ళు లేరు.

ఈ గట్టు ప్రాణాలు తియ్యడం కొత్త కాదు. మాంచెస్టర్‌కి చెందిన చార్లెస్ గాఫ్ అనే యువ చిత్రకారుడు 1805 వసంతంలో తన కుక్కతో ఒంటరిగా ఈ కొండ దాటబోయి కనపడకుండా పోయాడు. మూడు నెలల తర్వాత రెడ్ టార్న్ పైన, గట్టు కింద, శవం దొరికింది. పక్కనే కుక్క ప్రాణాలతో ఉంది. గట్టు శిఖరాన్ని కలిసే చోట అతని పేరిట 1890లో పెట్టిన స్మారక శిల ఉంది. గట్టు మీదే ఇంకో స్మారకం, 1858లో నక్కల వేటలో కుక్కల వెంట వెళ్తూ పడి చనిపోయిన రాబర్ట్ డిక్సన్‌ది. అతను ఎక్కడి నుంచో వచ్చినవాడు కాదు, పక్కనున్న ప్యాటర్‌డేల్ వాడే. నడక అలవాటు లేక పడలేదు.

మీ స్నేహితులిద్దరికీ అంత ఉత్సాహంగా ఉంటే వచ్చే మే, జూన్ నెలల్లో, పొడిగా గాలి లేని రోజున, ముందు ఒకటి రెండు చిన్న స్క్రాంబిల్స్ చేసి వెళ్ళమనండి. ఈ అక్టోబర్ ట్రిప్‌లో వాళ్ళు ఎడ్జ్ మీదుగా, మీరిద్దరూ వేరే దారిన వెళ్ళి పైన కలుసుకుందామన్న ప్లాన్ మాత్రం పెట్టుకోకండి. పైన మబ్బు పట్టి ఎవరెక్కడున్నారో తెలియక, ఫోన్ సిగ్నల్ దొరక్క, రెండు బృందాలూ చలిలో ఎదురుచూస్తూ టెన్షన్ పడటమే మిగులుతుంది.

ఇప్పుడు మీ దారి. గ్లెన్‌రిడింగ్‌లో నేషనల్ పార్క్ వాళ్ళ పెద్ద కార్ పార్కు ఉంది, టాయిలెట్లు అక్కడే. న్యూకాజిల్ నుంచి సుమారు రెండు గంటల డ్రైవ్ కాబట్టి ఆరున్నరకి బయల్దేరితే తొమ్మిదికల్లా నడక మొదలు పెట్టొచ్చు. కారు లేకపోతే రైల్లో పెన్రిత్, అక్కడి స్టేషన్ నుంచి 508 బస్సు. వచ్చే బస్సు కంటే తిరిగి వెళ్ళే ఆఖరి బస్సు టైమ్ ముఖ్యం, అది ముందే రాసిపెట్టుకోండి.

ఊళ్ళోంచి ట్రావెలర్స్ రెస్ట్ అనే పబ్ పక్కగా గ్రీన్‌సైడ్ రోడ్డు లోయలోకి ఎక్కుతుంది. ఎడమ పక్క కింద గ్లెన్‌రిడింగ్ బెక్ అనే వాగు. గని కార్మికుల పాత ఇళ్ళ వరసలు దాటి సుమారు అరగంట, ముప్పావు గంట నడిస్తే గ్రీన్‌సైడ్. ఇది ఒకప్పుడు సీసం గని, 1962లో మూసేశారు. ఆనాటి కట్టడాల్లో ఒకటి ఇప్పుడు యూత్ హాస్టల్. చుట్టూ రాళ్ళ గుట్టలు గనిలోంచి తీసి పారబోసినవే. అందుకే ఒక మాట: ఎంత తేటగా కనిపించినా గని చుట్టుపక్కల, దాని దిగువన వాగు నీళ్ళు తాగకండి. సీసా ఇంటి దగ్గరే నింపుకుని రండి, మనిషికి రెండు లీటర్లు.

గ్రీన్‌సైడ్ దగ్గర దారి రెండవుతుంది. ఎడమకి వంతెన దాటి వెళ్ళేది రెడ్ టార్న్ దారి, ఎడ్జ్‌లకి వెళ్ళేవాళ్ళలో చాలామంది అటు తిరుగుతారు. గుంపు అటు పోతోందని మీరూ అటు పోవద్దు. వాగుకి ఇవతలే ఉండి లోయ లోపలికి నేరుగా నడవండి. ఈ లోయ మొత్తంలో నాకు బాగా నచ్చేది ఈ ముక్కే. ఎదురుగా క్యాట్‌స్టై క్యామ్ అనే 890 మీటర్ల కొండ మొనదేలి నిలబడి ఉంటుంది, జనం పలచబడతారు, హెర్డ్‌విక్ గొర్రెలు దారికి అడ్డంగా నిలబడి ఎవర్రా మీరు అన్నట్టు చూస్తుంటాయి. నల్లగా పుట్టి పెద్దయ్యేకొద్దీ బూడిద రంగుకి తిరిగే జాతి అది. గేటు ఏదైనా తెరిస్తే వెనకాల మళ్ళీ వేసెయ్యండి.

అక్కడి నుంచి పైకి చూస్తే కెపెల్ కోవ్ అనే పెద్ద గుంట, దాని కింద పాత కాంక్రీట్ ఆనకట్ట కనిపిస్తాయి. గనికి కరెంటు, నీళ్ళ అవసరాల కోసం ఇక్కడ నీళ్ళు నిలిపేవాళ్ళు. 1927 అక్టోబర్ 29న తుఫాను వానకి కట్ట తెగి, నీళ్ళు ఈ లోయ వెంటే పరిగెత్తి గ్లెన్‌రిడింగ్‌ని ముంచేశాయి. ఆ తర్వాత కట్టిన కాంక్రీట్ కట్టకి కూడా 1931లో గండి పడింది. 2015 డిసెంబర్‌లో వాగు మళ్ళీ ఊరి మీద పడింది, ఈసారి ఏ కట్టా తెగకుండానే, ఒట్టి వానకి. ముందు రోజు భారీ వాన పడి ఉంటే ఈ వాగుల్ని తేలిగ్గా తీసుకోకండి. మోకాలు లోతు నీళ్ళైనా వేగంగా పారుతుంటే మనిషిని పడగొడతాయి. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు ఆంధ్ర విద్యార్థులు నీళ్ళల్లో పడి చనిపోయిన సంగతి మనవాళ్ళెవరూ మర్చిపోలేదు. ఫొటో కోసం తడి బండల మీద అంచుకి వెళ్ళడం అన్నది మీ నలుగురి మధ్యా ముందే నిషేధించుకోండి.

కోవ్ కుడి పక్క వాలు మీద దారి మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. పూర్వం గుర్రాల మీద వచ్చేవాళ్ళ కోసం వేసిన దారి కావడంతో మెలికలు పొడుగ్గా, ఎక్కుడు నెమ్మదిగా ఉంటాయి. మెలికల్ని అడ్డంగా కోసేసి నిటారుగా ఎక్కబోకండి, కాళ్ళూ నొప్పే, కింద మట్టీ జారిపోతుంది. పైకి చేరేసరికి వైట్ సైడ్ అనే 863 మీటర్ల కొండ పక్కన, ప్రధాన శిఖర శ్రేణి మీద ఉంటారు. అప్పటిదాకా కొండ చాటున నడిచారు కాబట్టి పడమటి గాలి మొదటిసారి ముఖానికి కొట్టేది ఇక్కడే. మెలికలు ముగిసేలోపే, ఇంకా చాటున ఉండగానే, ఆగి జాకెట్లు, గ్లవ్స్, టోపీలు వేసేసుకోండి. పైకి వచ్చాక వేసుకుందామనుకుంటే గాలికి సంచిలోంచి సగం సామాను ఎగిరిపోతుంది.

ఇక్కడి నుంచి దక్షిణానికి శిఖర శ్రేణి వెంట నడక. మధ్యలో లోయర్ మ్యాన్, 925 మీటర్లు. దానికి ఎక్కే ముక్క కొంచెం నిటారు, రాళ్ళు ఎక్కువ. ఎడమ పక్క బ్రౌన్ కోవ్ మీదకి లోతు ఉంది. దారి వెడల్పుగానే ఉంటుంది, చేతులు పెట్టనక్కర్లేదు. మీ శ్రీమతిని కుడి పక్క నడవమనండి, మీరు ఎడమ పక్క నడవండి, అంతే చాలు. లోయర్ మ్యాన్ దాటాక కాస్త దిగి, ఎడమ చేతి వైపు స్విరల్ ఎడ్జ్ వచ్చి కలిసే చోటు దాటి, పది పదిహేను నిమిషాల్లో శిఖరం.

శిఖరం చూసి ఆశ్చర్యపోతారు. ఇంత పేరున్న కొండ పైన చదునుగా, రాళ్ళు పరిచిన మైదానంలా ఉంటుంది. ఎంత చదునంటే 1926 డిసెంబర్ 22న జాన్ లీమింగ్, బెర్ట్ హింక్లర్ అనే ఇద్దరు ఇక్కడ విమానం దింపి, కాసేపాగి, మళ్ళీ ఎగిరి వెళ్ళిపోయారు. దానికి గుర్తుగా ఒక రాతి పలక ఉంది. మధ్యలో ప్లస్ గుర్తు ఆకారంలో రాతి గోడల చాటు ఒకటి కట్టారు. గాలి ఏ వైపు నుంచి వచ్చినా దానికి అవతలి మూల కూర్చుని తినొచ్చు. పులిహోర చల్లారినా బాగుంటుంది కాబట్టి అదే తెచ్చుకోండి. ఫ్లాస్కులో వేడి టీ ఉంటే పక్కవాళ్ళు కూడా స్నేహితులైపోతారు.

చదును కావడమే ఇక్కడి ప్రమాదం. మబ్బు దిగితే ఇరవై అడుగుల దూరం కనపడదు, నాలుగు దిక్కులూ ఒకేలా ఉంటాయి, తూర్పున మాత్రం గోడ తెగినట్టు లోతు. దిగేటప్పుడు మీరు వెళ్ళాల్సింది వచ్చిన దారినే, ఉత్తర వాయవ్యంగా, అంచుని కుడి చేతి వైపు దూరంగా ఉంచుకుని. లోయర్ మ్యాన్‌కి కొంచెం ముందు ఎడమకి ఒక పెద్ద దారి చీలుతుంది. అది బ్రౌన్ కోవ్ క్రాగ్స్ మీదుగా థర్ల్‌మియర్ వైపు స్విర్ల్స్ కార్ పార్కుకి దిగుతుంది. బాగా అరిగిన దారి, చూడ్డానికి అదే అసలు దారిలా ఉంటుంది. మాటల్లో పడి దాన్ని పట్టుకున్నారా, మీ కారు కొండకి అటు పక్క, మీరు ఇటు పక్క. అక్కడి నుంచి గ్లెన్‌రిడింగ్‌కి రోడ్డు మీద టాక్సీలో తిరిగి రావాలంటే చాలా చుట్టు. చీలిక దగ్గర కుడికే ఉండి లోయర్ మ్యాన్ మీదకి ఎక్కండి. ఎక్కేటప్పుడే అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. దిగేటప్పుడు మీకు కనపడబోయే దృశ్యం అదే.

టైమ్ లెక్క. నైస్మిత్ అనే స్కాటిష్ కొండల మనిషి 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ అందరూ వాడతారు: అయిదు కిలోమీటర్లకి ఒక గంట, పైన ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. పైకి సుమారు ఎనిమిది కిలోమీటర్లు, ఎక్కుడు 800 పైచిలుకు, అంటే ఆగకుండా నడిస్తే మూడు గంటలు. కొత్తవాళ్ళు ఆగుతారు, ఫొటోలు తీస్తారు, బూటు లేసులు కట్టుకుంటారు. నాలుగు గంటలు వేసుకోండి. దిగడానికి మూడు. పైన అరగంట. తొమ్మిదికి మొదలుపెడితే నాలుగున్నర. మీరు అనుకుంటున్న వారంలో సూర్యాస్తమయం సుమారు ఆరింటికి, కాబట్టి చేతిలో గంటన్నర మిగులుతుంది. ఒంటిగంటన్నర అయ్యేసరికి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి, శిఖరం కనపడుతున్నా సరే. ఏ కారణం వల్లనైనా నవంబర్‌కి వాయిదా వేస్తే ఈ లెక్క మొత్తం మారిపోతుంది. అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, నాలుగున్నరకే చీకటి పడుతుంది.

వాతావరణం ఫోన్‌లో మామూలుగా వచ్చే యాప్‌లో చూడకండి, అది ఊరికి చెబుతుంది, కొండకి కాదు. మెట్ ఆఫీస్ వాళ్ళ పర్వత సూచన ఉంది, మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ ఉంది. రెండూ ఉచితం. వాటిలో వాన కంటే ముందు రెండు సంగతులు చూడండి: పైన గాలి ఎంత, మబ్బు ఏ ఎత్తు దాకా దిగుతుంది. నా లెక్క చెబుతాను, కొంతమందికి ఇది అతి జాగ్రత్త అనిపించొచ్చు. గాలి 30 మైళ్ళు దాటితే ఎడ్జ్‌ల మీదకి నేను వెళ్ళను. 40 దాటితే కొత్తవాళ్ళని ఆ రోజు పైకి తీసుకెళ్ళను. మబ్బు 700 మీటర్ల కింద ఉండి, బృందంలో మ్యాప్, కంపాస్ వాడటం వచ్చినవాళ్ళు లేకపోతే శిఖరం ఆ రోజుకి లేనట్టే. డిసెంబర్ నుంచి ఈస్టర్ దాకా నేషనల్ పార్క్ మనుషులు రోజూ హెల్వెలిన్ ఎక్కి పైన మంచు, గాలి ఎలా ఉన్నాయో స్వయంగా చూసి వెదర్‌లైన్ అనే తమ వాతావరణ సూచనలో పెడతారు. మీరు వెళ్ళేది అక్టోబర్ కాబట్టి అది అందదు, ఎప్పుడైనా చలికాలం వెళ్తే మొదట చూడాల్సింది అదే.

శుక్రవారం రాత్రి సూచన బాగాలేదనుకోండి, ట్రిప్ మానుకోనక్కర్లేదు. గ్రీన్‌సైడ్ నుంచి ఎడమ దారిన రెడ్ టార్న్ దాకా వెళ్ళి ఆ ఒడ్డున కూర్చుని రండి. మూడు వైపులా రాతి గోడలు, మధ్యలో నల్లటి నీళ్ళు. షెల్లీ అనే అరుదైన చేప బ్రిటన్‌లో బతికి ఉన్న కొద్ది సరస్సుల్లో ఇదొకటి. స్ట్రైడింగ్ ఎడ్జ్ పైన చీమల్లా నడిచే మనుషుల్ని కింది నుంచి చూస్తే మీ స్నేహితులు తమంతట తామే ఒక నిర్ణయానికి వస్తారు. పూర్తిగా ముసురు పడితే అల్స్‌వాటర్ స్టీమర్ ఎక్కి హౌటౌన్‌లో దిగి, సరస్సు ఒడ్డు దారిన గ్లెన్‌రిడింగ్‌కి నడిచి రండి. సుమారు పది పదకొండు కిలోమీటర్లు, లేక్ డిస్ట్రిక్ట్‌లో ఇంతకంటే మంచి లోతట్టు నడక నా దృష్టిలో లేదు. పడవ టైమింగులు ముందు చూసుకోండి.

బట్టలు. జీన్స్ వద్దు, కాటన్ వద్దు. తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. జిమ్‌కి వేసుకునే పాలిస్టర్ టీ షర్టు, పైన ఫ్లీస్, దాని పైన నిజంగా నీళ్ళు ఆపే జాకెట్, పలచటి ట్రాక్ ప్యాంటు, సంచిలో వాటర్‌ప్రూఫ్ ప్యాంటు. జాకెట్ మీద ‘వాటర్ రెసిస్టెంట్’ అని ఉంటే అది న్యూకాజిల్ జల్లుకి సరిపోతుంది, ఇక్కడి వానకి కాదు. గ్లవ్స్ రెండు జతలు, మొదటిది ఎలాగూ తడుస్తుంది. బూట్ల విషయంలో ఖరీదు చూడకండి, అడుగు చూడండి. లోతైన గాడులుండాలి, మడమ దగ్గర కాలు కదలకూడదు. కొత్తగా కొంటే ఆ వారమంతా ఆఫీసుకి అవే వేసుకెళ్ళండి. అరిగిన రన్నింగ్ షూస్‌తో వస్తానంటే ఆ స్నేహితుణ్ణి స్టీమర్ ఎక్కించండి. చేతికర్రలు ఒక జత అద్దెకి దొరికితే తీసుకోండి, దిగేటప్పుడు మోకాళ్ళు మీకు దణ్ణం పెడతాయి.

హెడ్ టార్చ్ మనిషికొకటి. ఫోన్ టార్చ్ లెక్కలోకి రాదు, చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. ఫోన్‌ని లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోండి. బ్రిటన్ మ్యాపులు వేసే ఆర్డ్‌నెన్స్ సర్వే సంస్థ యాప్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, దాంతోపాటు ఈ ప్రాంతానికి వాళ్ళు వేసిన ఓఎల్5 కాగితం మ్యాప్ కూడా కొనండి. ఈల ఒకటి. ఏదైనా జరిగితే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి. ఫోన్ దొరికితే 999కి చేసి ముందు పోలీస్ అని అడిగి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. నేరుగా అంబులెన్స్ అడిగితే సమయం వృథా. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట మెసేజ్ వెళ్ళే అవకాశం ఎక్కువ, కానీ దానికి ముందే ఇంటి దగ్గర 999కి ‘రిజిస్టర్’ అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పెట్టి నమోదు చేసుకోవాలి. నలుగురూ ఇవాళే చేసుకోండి, రెండు నిమిషాల పని. ప్యాటర్‌డేల్ రెస్క్యూ టీమ్ వాళ్ళందరూ స్వచ్ఛంద సేవకులు, డబ్బులు అడగరు. బిల్లు వేస్తారేమో, వీసాకి ఇబ్బందేమో అని మనవాళ్ళు ఫోన్ చెయ్యడానికి జంకుతారు. ఆ భయం పెట్టుకోకండి, చీకటి పడకముందే చెయ్యండి.